షుగర్ జబ్బు లేదు, షుగర్ పడిపోతోంది

రామాయపట్నం నుంచి కృష్ణపట్నం దాకా మన నెల్లూరు తీరంలో ఏ ఊళ్ళో చూసినా, తెల్లారి లేచి పరగడుపున చిన్న బిళ్ళ మింగి, కాఫీ కోసం అరగంట ఆగే ఆడవాళ్ళు కనిపిస్తారు. అది థైరాయిడ్ బిళ్ళ. ఇంట్లో ఒకసారి ఆ పేరు పడిందంటే ఇక అన్నిటికీ అదే జవాబు. ఒళ్ళొచ్చినా థైరాయిడే, జుట్టు రాలినా థైరాయిడే, పొయ్యి దగ్గర నిలబడి కళ్ళు తిరిగినా థైరాయిడే. "ఏందక్కా, బిళ్ళ వేసుకుంటా ఉండావుగా, ఇంకా ఈ నీరసమేంది?" అని పక్కింటామె అడిగితే, "థైరాయిడ్ కదమ్మా, ఇట్నే ఉంటది" అంటుందీమె. వైద్యుడి గదిలో కూడా మాట అక్కడితోనే ఆగిపోతే ప్రాణం మీదికి వచ్చే సందర్భాలున్నాయి. వాటి గురించి చెప్పడానికే ఇవాళ మీ ముందుకొచ్చాను.

షుగర్ మాత్రలో ఇన్సులినో వాడేవాళ్ళకి ఒక్కోసారి షుగర్ డౌన్ అవుతుందని ఇప్పుడు అందరికీ తెలుసు. అన్నం ఆలస్యమైతే చెమటలు, వణుకు, గుండె దడ, మాట తడబడడం. నోట్లో ఇంత చక్కెర వేస్తే కాసేపటికి లేచి కూర్చుంటారు. కానీ షుగర్ జబ్బే లేని మనిషికి, ఆ మందుల వాసనే తెలియని మనిషికి అలా జరిగితే? పైగా ఆ మనిషికి థైరాయిడ్ ఉంటే?

థైరాయిడ్ లోపం బాగా ముదిరి స్పృహ తప్పే దశకు వస్తే తప్ప, అదొక్కటే షుగర్‌ని 50కి, 40కి లాగేయదు. గ్లూకోమీటర్‌లో నిజంగా అంత తక్కువ కనిపిస్తోందంటే, థైరాయిడ్ పక్కన ఇంకొకటి వచ్చి చేరిందేమో వెతకాలి.

ఎందుకు చేరుతుందంటే, థైరాయిడ్ జబ్బు అసలు మూలం చాలామందిలో మెడలో లేదు. ఒకప్పుడు ఉప్పులో అయోడిన్ లేక గొంతు దగ్గర కాయలు కట్టేవి. 1962లో మన దేశం గాయిటర్ నివారణ కార్యక్రమం మొదలుపెట్టి, అయోడిన్ కలిపిన ఉప్పును ఇంటింటికీ చేర్చాక ఆ కారణం చాలావరకు వెనక్కి తగ్గింది. ఇప్పుడు మనం ఎక్కువగా చూస్తున్నది రోగనిరోధక శక్తి దారి తప్పడం, అంటే ఆటోఇమ్యూన్ జబ్బు. సూక్ష్మజీవుల్ని గుర్తుపట్టి చంపాల్సిన కణాలు సొంత గ్రంథినే పరాయిదనుకుని నమిలేస్తాయి. గ్రంథి మెల్లగా చచ్చుబడితే అది హాషిమోటో జబ్బు. జపాన్‌లో హకారు హాషిమోటో అనే యువ వైద్యుడు 1912లో నలుగురు స్త్రీల గ్రంథుల్ని సూక్ష్మదర్శినిలో చూసి రాసిన సంగతి ఇది. దీనికి తలకిందులుగా, గ్రంథిని రెచ్చగొట్టే యాంటీబాడీలు పుట్టి హార్మోన్ పొంగిపొర్లితే అది గ్రేవ్స్ జబ్బు. గుండె దడ, బరువు తగ్గడం, కళ్ళు ముందుకు పొడుచుకు రావడం దాని లక్షణాలు.

ఇలా దారి తప్పిన వ్యవస్థ ఒక్క గ్రంథితో ఆగాలనేం లేదు. అదే మనిషికి చర్మం మీద బొల్లి రావచ్చు. కడుపులో బి12 పీల్చుకునే శక్తి పోవచ్చు. క్లోమంలో ఇన్సులిన్ చేసే కణాలు పోయి టైప్ 1 షుగర్ రావచ్చు. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చునే ఎడ్రినల్ గ్రంథులు కూడా పోవచ్చు. ఈ చివరిదాని దగ్గర నేను కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

ఎడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోన్ చేస్తాయి. రాత్రంతా మనం ఏమీ తినం. అయినా తెల్లవారుజామున మెదడుకి చక్కెర అందుతోందంటే, కాలేయం ఉన్న నిల్వను వాడుతూ కొత్తగా కూడా తయారు చేస్తోందన్నమాట. ఆ పని సాగడానికి కార్టిసాల్ కావాలి. అది లేకపోతే మామూలు రోజుల్లో ఎలాగోలా నెట్టుకొస్తారు గానీ, శనివారం ఉపవాసమున్నా, రంజాన్ నెలలో రోజా పాటించినా, వాంతులై రెండు పూటలు అన్నం సహించకపోయినా షుగర్ జారిపోతుంది. 1855లో లండన్ వైద్యుడు థామస్ అడిసన్ ఈ జబ్బును మొదట వర్ణించాడు. ఆయన చూసిన రోగుల్లో చాలామందికి గ్రంథుల్ని తినేసింది క్షయ. మన దేశంలో ఇప్పటికీ క్షయ ఒక ముఖ్య కారణమే. అయితే థైరాయిడ్ యాంటీబాడీలు ఉన్న మనిషిలో ఇది కనిపిస్తే ముందు అనుమానించాల్సింది సొంత రోగనిరోధక శక్తినే. థైరాయిడ్, ఎడ్రినల్ రెండూ ఒకే మనిషిలో ఇలా దెబ్బతినడాన్ని 1926లో ష్మిట్ అనే జర్మన్ వైద్యుడు రాశాడు, అందుకే దానికి ఆయన పేరే పెట్టారు.

అమెరికా అధ్యక్షుడు జాన్ కెనెడీకి ఈ రెండూ ఉన్నాయి. 1947లో లండన్‌లో జబ్బుపడినప్పుడు అడిసన్ జబ్బని తేలింది. తర్వాత జీవితమంతా స్టెరాయిడ్ మాత్రల మీద, థైరాయిడ్ మాత్ర మీద నడిచాడు. ఆయన చెల్లెలు యూనిస్‌కీ అడిసన్ జబ్బే. ఆయన వైద్య రికార్డులన్నీ తిరగేసిన లీ మాండెల్ అనే నౌకాదళ వైద్యుడు 2009లో, ఇది ఒకే రోగనిరోధక లోపం పలు గ్రంథుల్ని పట్టిన సందర్భమని రాశాడు. ఎండలో తిరిగినట్టుండే ఆయన మేని రంగును చూసి జనం మంచి ఆరోగ్యమనుకున్నారు. నిజానికి ఈ జబ్బు చేసే పనుల్లో అదొకటి.

ఈ రంగు సంగతే మన తీరంలో మోసం చేస్తుంది. ఇసకపల్లి ఉప్పుమళ్ళలో పనిచేసే మనిషిని తీసుకోండి. మొహం నల్లబడింది, ఎండ అనుకుంటారు. మధ్యాహ్నానికి కళ్ళు తిరిగాయి, వడదెబ్బ అనుకుంటారు. ఒళ్ళు తగ్గింది, పని ఎక్కువైంది అనుకుంటారు. రొయ్యల గుంటల మీద రాత్రిళ్ళు కాపలా ఉండే మనిషయినా, మైపాడులో చేపలు ఎండబెట్టే ఆమె అయినా అంతే. అందుకే చూడాల్సింది మొహం కాదు. ఎండ తగలని చోట్లు చూడాలి. అరచేతి గీతలు నల్లగా గీసినట్టు కనిపిస్తున్నాయా? చిగుళ్ళ మీద, నాలుక మీద నల్ల మచ్చలున్నాయా? ఎప్పటిదో ఆపరేషన్ మచ్చ ఇప్పుడు ముదురు రంగుకి తిరిగిందా? పడుకుని లేచి నిలబడగానే బీపీ పడిపోతోందా? వీటితోపాటు రక్తపరీక్ష చీటీలో సోడియం తక్కువ, పొటాషియం ఎక్కువ అని రాసుంటే ఇక ఆలస్యం చేయకూడదు.

ఉప్పు మీద ఆశ ఇంకో గుర్తు. ఎడ్రినల్ గ్రంథులు పోతే ఒంట్లో ఉప్పును పట్టి ఉంచే హార్మోన్ కూడా పోతుంది, మూత్రంలో ఉప్పు కొట్టుకుపోతుంది. ఆ మనిషి ఊరగాయ మీదికి, ఎండు చేప మీదికి, ఉత్త ఉప్పు మీదికే పడతాడు. 1940లో అమెరికాలో విల్కిన్స్, రిక్టర్ అనే ఇద్దరు ఒక మూడున్నరేళ్ళ పిల్లవాడి గురించి రాశారు. వాడు ఉప్పు డబ్బా చూస్తే వదిలేవాడు కాదు, మాటలు వచ్చీరాగానే నేర్చిన వాటిలో ఉప్పు అన్న మాట ఒకటి. ఆస్పత్రిలో చేర్చి అందరికీ పెట్టే మామూలు తిండి పెట్టారు. వారం తిరక్కుండానే పిల్లవాడు పోయాడు. ఎడ్రినల్ గ్రంథులు పనిచేయడం లేదని ఆ తర్వాత తెలిసింది. వాడిది ఆటోఇమ్యూన్ జబ్బు కాదు, పుట్టుకతో వచ్చిన లోపం. కానీ తనకేం కావాలో ఆ పసివాడి ఒళ్ళు అడుగుతూనే ఉంది. బీపీ ఉందని మన ఇళ్ళలో ఉప్పు తగ్గించమంటాం, అది సరైన మాటే. అయితే బీపీ తక్కువగా ఉండి, షుగర్ పడిపోతూ, ఉప్పు కావాలని అడిగే మనిషిని మాత్రం కసరకండి, పరీక్ష చేయించండి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. ఈ రెండు జబ్బులూ ఉన్న మనిషికి ఎడ్రినల్ సంగతి చూడకుండా థైరాయిడ్ బిళ్ళ మొదలుపెడితేనో, డోసు పెంచితేనో, మనిషి కుప్పకూలవచ్చు. థైరాక్సిన్ ఒంటి పని వేగం పెంచుతుంది, ఉన్న కాస్త కార్టిసాల్‌నీ త్వరగా ఖర్చు చేయిస్తుంది. తిరిగి నింపే గ్రంథి లేదు. అందుకని కార్టిసాల్ మాత్ర ముందు, థైరాయిడ్ మాత్ర తర్వాత. ఇందులో ఇంకో మెలిక ఉంది. కార్టిసాల్ లోపం ఉన్నప్పుడు థైరాయిడ్ పరీక్షలో చూసే టీఎస్‌హెచ్ కొంచెం పెరిగి కనిపించవచ్చు, కార్టిసాల్ ఇస్తే అదే దిగిపోతుంది. అంటే అసలు థైరాయిడ్ లోపం లేకుండానే బిళ్ళ రాసే అవకాశం ఉందన్నమాట. బిళ్ళ మొదలుపెట్టాక నీరసం తగ్గకపోగా ఎక్కువైందని ఎవరైనా చెబితే, నేను ముందు తీయించేది పొద్దున ఎనిమిదింటి కార్టిసాల్. అది 3 మైక్రోగ్రాముల లోపుంటే దాదాపు ఖాయం. మధ్యలో ఉంటే ఇంజెక్షన్ ఇచ్చి చేసే మరో పరీక్షతో తేల్చాలి. టైప్ 1 షుగర్ ఉన్న పిల్లలకు ఇన్సులిన్ ఎంత తగ్గించినా లో అవుతూనే ఉందంటే అక్కడా ఇదే పరీక్ష.

ఇప్పుడు షుగర్ పడిపోయే రెండో దారి. ఇది థైరాయిడ్ ఎక్కువగా పనిచేసేవాళ్ళది, గ్రేవ్స్ జబ్బు వాళ్ళది. వీళ్ళకి ఎప్పుడూ చెమటలు, వణుకు, ఆకలి, దడ ఉంటాయి. షుగర్ పడిపోయినా అవే లక్షణాలు. కాబట్టి షుగర్ పడిపోయిందన్న అనుమానమే ఎవరికీ రాదు.

ఈ జబ్బుకి మన దగ్గర ఎక్కువగా వాడేది కార్బిమజోల్. ఒంట్లోకి వెళ్ళాక అది మెథిమజోల్‌గా మారుతుంది. మంచి మందు, లక్షలమందిని కాపాడింది. కానీ చాలా అరుదుగా, ఇది మొదలుపెట్టిన నాలుగు నుంచి ఆరు వారాల్లో కొందరికి సొంత ఇన్సులిన్ మీదే యాంటీబాడీలు పుడతాయి. 1970లో జపాన్‌లో యుకిమాసా హిరాటా, ఆయన తోటి వైద్యులు మొదటిసారి ఈ జబ్బును గుర్తించారు. అందుకే దీన్ని హిరాటా జబ్బంటారు. ఇన్సులిన్ అణువు రెండు గొలుసులు, వాటిని కలిపి ఉంచేవి గంధకపు బంధాలు. మెథిమజోల్‌లో ఉన్న గంధకం ఆ బంధాల్ని సడలిస్తుందని, ఆకారం మారిన ఇన్సులిన్‌ని రోగనిరోధక కణాలు పరాయిదనుకుంటాయని వివరణ. అందరికీ ఇలా జరగదు, డీఆర్4 అనే వంశపారంపర్య గుర్తులో కొన్ని రకాలున్నవాళ్ళకే ఎక్కువ. ఆ రకాలు జపాన్‌లో, కొరియాలో ఎక్కువ కాబట్టి అక్కడ ఎక్కువ బయటపడింది. మన దేశంలోనూ వైద్యులు ఇలాంటి రోగుల గురించి రాస్తూనే ఉన్నారు.

యాంటీబాడీ ఇన్సులిన్‌ని పట్టుకుంటే షుగర్ పెరగాలి కదా, ఎందుకు పడిపోతుంది? అన్నం తినగానే క్లోమం ఇన్సులిన్ వదులుతుంది. యాంటీబాడీలు దాన్ని పట్టేసుకుంటాయి. పని జరగక షుగర్ పెరుగుతుంది, క్లోమం ఇంకా ఇంకా వదులుతుంది. నాలుగైదు గంటలు పోయాక, అన్నమంతా అరిగిపోయాక, యాంటీబాడీలు పట్టు వదులుతాయి. పైరు నీళ్ళడిగినప్పుడు తూము మూసి, కోతకొచ్చాక తెరిచినట్టు అవుతుంది. అర్ధరాత్రో తెల్లవారుజామునో, అన్నం లేని వేళ ఆ ఇన్సులిన్ అంతా ఒక్కసారి పనిచేస్తుంది. ఒకే మనిషికి తిన్న గంటకి షుగర్ 220, ఆరు గంటలకి 42 కనిపించడం అందుకే. మొదటి అంకె చూసి షుగర్ జబ్బని మాత్రలు రాస్తే ఆ రాత్రి గండమే.

పరీక్ష చేస్తే ఇది దాగదు. మామూలుగా షుగర్ 55 కిందికి దిగితే ఇన్సులిన్ 3 యూనిట్ల లోపుకు పడిపోవాలి. హిరాటా జబ్బులో అది 100 దాటుతుంది, వేలల్లోకి వెళ్ళిన సందర్భాలున్నాయి. క్లోమంలో ఇన్సులిన్ చేసే గడ్డ ఉన్నవాళ్ళలో కూడా సాధారణంగా అంత ఉండదు. ఈ తేడా చూడకుండా, ఇన్సులిన్ యాంటీబాడీ పరీక్ష చేయకుండా గడ్డ కోసమని క్లోమం కోయించుకున్నవాళ్ళు ప్రపంచంలో ఉన్నారు. ఆ మాట చదివిన ప్రతిసారీ నాకు బాధే. ఒక రక్తపరీక్షతో తప్పే కోత అది.

కార్బిమజోల్ ఒక్కటే కాదు. కాళ్ళ తిమ్మిర్లకనీ, నరాల బలానికనీ మందుల షాపుల్లో ఇచ్చే మాత్రల్లో ఆల్ఫా లిపోయిక్ యాసిడ్ ఉంటుంది. అందులోనూ గంధకమే. దాని వల్ల కూడా ఈ జబ్బు వచ్చిన సంగతి మన దేశంలోనూ నమోదైంది. చాలామంది దాన్ని మందు అని కూడా అనుకోరు, బలం బిళ్ళ అంటారు. కాబట్టి డాక్టరు "ఏం మందులు వాడుతున్నారు?" అని అడిగితే బలం బిళ్ళల అట్టలు కూడా సంచీలో వేసుకెళ్ళండి. జుట్టు కోసం వాడే బయోటిన్ మాత్రల సంగతీ చెప్పండి, అవి షుగర్‌ని దించవు గానీ థైరాయిడ్ పరీక్షల అంకెల్ని తారుమారు చేస్తాయి.

మిగతా దారులు క్లుప్తంగా చెబుతాను. ఇన్సులిన్ మీద కాకుండా ఇన్సులిన్ తగులుకునే గ్రాహకాల మీద యాంటీబాడీలు పుట్టే జబ్బొకటి ఉంది, చాలా అరుదు, లూపస్ అనే ఇంకో ఆటోఇమ్యూన్ జబ్బు ఉన్నవాళ్ళలో ఎక్కువ. గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు పేగుల్ని దెబ్బతీస్తే తిన్నది ఒంటికి పట్టక, ముఖ్యంగా ఇన్సులిన్ వాడే పిల్లల్లో, షుగర్ అదుపు తప్పి పడిపోతుంటుంది. ఇది ఉత్తరాదిలో ఎక్కువ, అన్నం తినే మనవైపు తక్కువ. కాన్పు తర్వాత కొందరిలో పిట్యూటరీ గ్రంథి మీద ఇదే ఆటోఇమ్యూన్ దాడి జరుగుతుంది. కాన్పులో విపరీతంగా రక్తం పోయినా ఆ గ్రంథి ఎండిపోతుంది. బిడ్డకు పాలు పడవు, ముట్టు తిరిగి రాదు, ఏళ్ళ తరబడి నీరసం. వీళ్ళలో టీఎస్‌హెచ్ ఒక్కటే చూస్తే బాగున్నట్టే కనిపిస్తుంది. కింద థైరాయిడ్ హార్మోన్ ఎఫ్‌టీ4, కార్టిసాల్ రెండూ పడిపోయి ఉంటాయి.

ఆటోఇమ్యూన్ కాకపోయినా మన పల్లెల కోసం ఒకటి చెప్పాలి. మోకాళ్ళ నొప్పులకనీ ఆయాసానికనీ నెలల తరబడి వేయించుకునే ఇంజెక్షన్లలో, పేరు లేని పొడుల్లో స్టెరాయిడ్ ఉంటే, ఎడ్రినల్ గ్రంథులు పని మానేసి నిద్రపోతాయి. అవి ఉన్నట్టుండి ఆపితే అడిసన్ జబ్బులాగే నీరసం, వాంతులు, షుగర్ పడిపోవడం. అందుకని ఇంజెక్షన్ వేయించుకుంటే దాని పేరు రాయించుకోండి.

సరే, షుగర్ పడిపోయిన వేళ ఏం చేయాలి? తెలివిలో ఉంటే చక్కెర నీళ్ళో, గ్లూకోజ్ పొడో ఇవ్వండి. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108కి ఫోన్ చేయండి. నా విన్నపం ఊళ్ళో మొదట చేయి పట్టే ఆర్ఎంపీలకీ, నర్సులకీ, చిన్న ఆస్పత్రుల వాళ్ళకీ. గ్లూకోజ్ ఎక్కించడానికి నరం దొరికిన ఆ క్షణంలోనే, బాటిల్ తగిలించే ముందు, రక్తం కొంచెం గొట్టాల్లోకి తీసి పెట్టండి. గ్లూకోజ్‌కి ఆలస్యం కాకూడదు, నరం దొరక్కపోతే రక్తం సంగతి వదిలేయండి. ఆ గొట్టాల్లో చక్కెర, ఇన్సులిన్, సీ పెప్టైడ్, కార్టిసాల్ చూస్తే కారణం దాదాపు బయటపడుతుంది. గ్లూకోజ్ ఎక్కిన పది నిమిషాలకే ఆ సాక్ష్యం పోతుంది, మళ్ళీ ఆస్పత్రిలో పెట్టి మూడు రోజులు పస్తులుంచి తెప్పించుకోవాలి. చక్కెర కోసం తీసేది బూడిదరంగు మూత గొట్టంలోనే తీయాలి. మామూలు గొట్టంలో రక్తకణాలే గంటకి 5 నుంచి 7 శాతం చక్కెర తినేస్తాయి. పల్లెలో తీసిన రక్తం నెల్లూరు ల్యాబ్ చేరేసరికి లేని లో షుగర్ కనిపిస్తుంది. 1938లో అలెన్ విపుల్ అనే శస్త్రవైద్యుడు పెట్టిన నియమం ఇప్పటికీ మాకు ఆధారం: లక్షణాలుండాలి, ఆ వేళ చక్కెర నిజంగా తక్కువుండాలి, చక్కెర ఇస్తే తగ్గాలి. మూడూ కలిస్తేనే వెతుకులాట మొదలుపెట్టాలి.

కారణం తేలాక వైద్యం ఉంది. ఈ జబ్బులు చూసే ఎండోక్రైనాలజీ విభాగాలు తిరుపతి స్విమ్స్‌లో, వేలూరు సీఎంసీలో ఉన్నాయి, మనకి దూరం కాదు. ఎడ్రినల్ లోపానికి హైడ్రోకార్టిసోన్ మాత్ర జీవితాంతం, రోజుకు రెండు మూడు సార్లు. జ్వరమొస్తే డోసు రెట్టింపు చేసుకోవాలి, వాంతులైతే ఇంజెక్షన్ వేయించుకోవాలి. జువ్వలదిన్నె రేవు నుంచి బోటు మీద కొన్ని రోజులు వేటకి వెళ్ళే మనిషైతే అదనపు మాత్రలు, ఆ ఇంజెక్షన్ సీసా నీళ్ళు తగలని డబ్బాలో వెంట ఉండాలి, ఎలా వేయాలో తోటివాళ్ళలో ఒకరికి నేర్పి ఉండాలి. ఉపవాసాల సంగతి డాక్టర్ని అడగకుండా తలపెట్టకూడదు.

హిరాటా జబ్బయితే, దాన్ని తెచ్చిన మందు ఆపితే చాలామందిలో కొన్ని నెలల్లో యాంటీబాడీలు తగ్గిపోతాయి. అందాకా తీపి, మెత్తని తెల్లన్నం ఒకేసారి ఎక్కువ తినకుండా కొద్ది కొద్దిగా ఆరుసార్లు తినాలి, అవసరమైతే అకార్బోస్ అనే మాత్ర, ఇంకా అవసరమైతే స్టెరాయిడ్ ఇస్తారు. కార్బిమజోల్ వాడుతున్న మీరెవరూ ఇది విని మీ అంతట మీరు మాత్ర ఆపకండి. ఆపితే థైరాయిడ్ పొంగి గుండెకి ముప్పు. వాడేవాళ్ళలో నూటికి తొంభై తొమ్మిది మందికి పైగా ఈ జబ్బు రానే రాదు. వచ్చినవాళ్ళకి మాత్రం గ్రేవ్స్ జబ్బుకి రేడియోధార్మిక అయోడిన్ వైద్యమో, ఆపరేషనో వేరే దారి చూపిస్తారు. ఈ జబ్బు తెచ్చిన మందు పేరు మీ ఆస్పత్రి చీటీ మొదటి పేజీ మీద ఎర్ర సిరాతో రాయించుకోండి, ఏ ఊరి డాక్టరుకైనా ముందు ఆ పేజీయే చూపించండి.